గ్రామఫోనుకు దిష్టి

నిన్న ఓ పాత గ్రామఫోను విప్పి బాగుచేస్తుంటే, వంటింట్లో మా ఆవిడ ఎండుమిరపకాయలు వేయించింది. ఆ ఘాటుకు నాకు దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

గురజాలలో మా నాన్న గ్రామఫోన్లు బాగుచేసేవాడు. ఒకరోజు రికార్డు తిరుగుతుండగానే, పాడుతున్నావిడ గొంతు సాగి సాగి మగాడి గొంతైపోయింది.

"స్ప్రింగు పోయిందమ్మా," అన్నాడు నాన్న.

"స్ప్రింగేందిరా? వీధి వీధంతా వచ్చి ఇన్నారు. ఆ పిల్ల గొంతుకి దిష్టి తగిలింది," అంటూ నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ పెట్టె చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. మా పల్నాటి కాయలకు ఆ సంగతి తెలియదు. కొట్టంలో గేదె కూడా తుమ్మింది.

"చూశావా, ఘాటే లేదు!" అంది నాయనమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"చానా దిష్టి ఉందమ్మా," అన్నాడు నాన్న దగ్గుతూ.

ఆమె కునుకు తీస్తుండగా ఆయన స్ప్రింగు మార్చడం నేను చూశాను. అయినా సాయంత్రం పాట సరిగ్గా వచ్చేసరికి, అదంతా మిరపకాయల మహిమేనని నమ్మాను. నాన్నే అలా చెప్పాడు మరి.

ఆ తర్వాత రిపేరుకు ఏ పెట్టె వచ్చినా ముందు నాయనమ్మ మిరపకాయలు, తర్వాతే నాన్న స్క్రూడ్రైవరు. ఆమె బతికినన్నాళ్లూ ఆయన దగ్గుతూనే పనిచేశాడు.