కుడిపక్క సీటు

మా లారీకి స్టీరింగు ఎడమపక్క ఉండేది.

అది అమెరికాలో చేసిన మిలిట్రీ లారీ. యుద్ధం అయిపోయినాక సైన్యం వేలంలో అమ్మేసిన బండ్లలో ఒకటి. ఎన్ని చేతులు మారిందో తెలీదు, చివరికి చిత్తూరులో కలప వ్యాపారం చేసే ఒక మొదలాళి దగ్గరికి వచ్చింది. మొదలాళి అంటే మా పక్క యజమాని. పొడుగాటి ముక్కు, పది చక్రాలు, ముందర బంపరు మీద ఇనుప తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము. పైన నీలం రంగు వేసినారు గానీ, ఎండకు పెచ్చులూడినచోట కింద ముదురు పచ్చ రంగు, తలుపు మీద తెల్ల నక్షత్రం కొస ఒకటి కనపడేది. అప్పటికే అట్లాంటివి మా జిల్లాలో నాలుగైదుకు మించి లేవు. ఇప్పుడు ఒక్కటి కనపడితే జనం ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకుంటారు.

దాన్ని తోలేది మా ఆయన. ఆయన మా అమ్మకు తమ్ముడు. పెళ్లికి ముందూ మామే, పెళ్లయినాకా మామే.

మన దేశంలో బండ్లు ఎడమపక్కన పోతాయి. స్టీరింగు కూడా ఎడమపక్కనే ఉంటే, ముందర పోయే ఎద్దులబండిని దాటేటప్పుడు ఎదురుగా ఏమొస్తుందో డ్రైవరుకు కనపడదు. లారీ సగం నడిరోడ్డులోకి వచ్చినాక గానీ తెలీదు. అందుకే కుడిపక్క సీట్లో ఒక మనిషి ఉండాల. తల బయట పెట్టి చూసి, దోవ ఖాళీగా ఉంటే "పో" అనాల. లేకుంటే "ఉండు" అనాల. ఆ పని క్లీనరుది. మామ దగ్గరున్న క్లీనరు దుంగలు దించేటప్పుడు కాలు విరగ్గొట్టుకొని పుత్తూరులో కట్టు కట్టించుకున్నాడు. కట్టు విప్పేదాకా నన్ను రమ్మన్నాడు మామ. కూతుర్ని మా అమ్మ దగ్గర వదిలి ఎక్కినాను. ఆ క్లీనరు కాలు బాగయినాక ఊర్లో సేద్యం చూసుకుంటానని మళ్లీ రాలేదు. నేను తొమ్మిదేండ్లు ఆ సీట్లో కూర్చున్నాను.

మొదటిరోజే మామ చెప్పినాడు, రెండు మాటలు తప్ప మూడో మాట వద్దని. పోవచ్చేమో, పోతే పోవచ్చు, ఇట్లాంటివి లారీకి పనికిరావన్నాడు. ఎదురుగా వచ్చే బస్సు ఎంత దూరంలో ఉంటే మనం దాటగలమో, బరువుంటే ఎంత, లేకుంటే ఎంత, ఒక వారం రోడ్డు పక్కన నిలబెట్టి నేర్పించినాడు. నాకు అప్పుడు ఒక్క అక్షరం రాదు. మైలురాయి మీద ఏముందో తెలీదు. అయినా ఏ చింతచెట్టు దగ్గర బస్సుంటే పోవచ్చునో, ఏ కల్వర్టు దాటితే ఉండాలో కంటితో పట్టేసినాను.

ఆ సీట్లో తమాషాలు తక్కువ కాదు. చెక్‌పోస్టులో జవాన్లు అలవాటు కొద్దీ కుడి కిటికీ దగ్గరికి వచ్చి లైసెన్సు అడిగేవాళ్లు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. వాళ్లకు కోపమొచ్చేలోగా మామ అటుపక్క నుంచి దగ్గేవాడు. ఒకసారి రంగంపేట దగ్గర నేను జడ విప్పి, రెండు చేతులూ పైకెత్తి అల్లుకుంటున్నాను. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు, ఆడమనిషి స్టీరింగు వదిలేసి జడేసుకుంటోందని బస్సు పక్కకు దించేసినాడు. టీ అంగడిలో మామను ఏడిపించేవాళ్లు. "ఏమప్పా, చక్రం నీది, రోడ్డు ఆయమ్మదా?" అని ఒకాయన. మామ టీ ఊదుకుంటా, "ఇంట్లో అంతే, ఈడా అంతే," అనేవాడు.

నాకు ఆ సీటంటే ప్రాణం. ఎందుకంటే, అంతకు ముందు నా మాట కోసం ఎవరూ ఆగింది లేదు. ఇక్కడ పది చక్రాలు ఆగేవి. నేను పో అనేదాకా అంత పెద్ద ఇనుము రోడ్డు మీద గురగురమంటా నా నోటివైపు చూస్తున్నట్టుండేది.

ఎనిమిదేండ్లు ఇట్లా గడిచినాక, ఒక చెరుకు గానుగల కాలంలో మామ ఒక మాటడిగినాడు. పీలేరు పక్క నుంచి దుంగలేసుకొని రేణిగుంటకు పోతున్నాం. "మే, ముందర పోయేది బండినా, ట్రాక్టరా?" అన్నాడు. అది మా ముక్కు ముందర ఉంది. ట్రాక్టరే. చెరుకు వేసుకొని పోతోంది. దుమ్ముకు కనపడలేదేమోలే అనుకొని చెప్పినాను. రెండు రోజులకు మళ్లీ అడిగినాడు. ఆ తర్వాత అడగడం మానేసినాడు, ఎందుకంటే నేనే అడక్కముందే చెప్పడం మొదలుపెట్టినాను. ముందర గొర్రెలుండాయి, బస్సు నిలబడింది, మలుపు దగ్గరికొచ్చింది అని. మొదట రెండే మాటలుండేవి. ఇప్పుడు రోడ్డంతా మాటల్లో చెప్తున్నాను.

ఆయన కండ్లలో పొర కమ్ముకుంటోందని నాకు తెలుసు. ఇంట్లో అన్నంలో రాయి ఏరలేకపోవడం చూసినాను. డాక్టరు దగ్గరికి పోదామని ఒక్కరోజన్నా అనలేదు. ఆయన పని పోతుందని అనలేదనుకునేదాన్ని. ఇప్పుడు రాసేటప్పుడు నిజమే రాయాల. ఆయన దిగితే నేనూ దిగాల. నా సీటు పోతుందని కూడా అనలేదు.

అట్లా ఎండాకాలం దాకా వచ్చినాం. ఒకరోజు మధ్యాహ్నం పొద్దు వాలినాక భాకరాపేట కనుమ దిగుతున్నాం. నిండా దుంగలు. ముందర ఒక ట్రాక్టరు. నేను కుడిపక్క తల బయటపెట్టి ఎదురు బస్సును చూస్తున్నాను. బస్సు పోయింది. "పో" అన్నాను. మామ ట్రాక్టరును దాటి మళ్లీ ఎడమకు వచ్చినాడు. ఆ ఎడమ అంచున, ఆయన పక్కనే, ఒకామె కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని పోతోంది. అటుపక్క చూడాల్సింది ఆయన. అద్దం కమ్మీకి మోపు కొస తగిలింది. మోపు ఎగిరిపోయింది, ఆమె గట్టు కింద పడింది.

ఆయన బ్రేకు తొక్కి ఆపేలోగా నేను దూకేసినాను. దేవుడి దయ, ఆమెకు మోకాలు చెక్కుకుపోవడం తప్ప ఇంకేం కాలేదు. ఆమెను లేపి కూర్చోబెట్టి, నీళ్లు తాపి, చెల్లాచెదరైన కట్టెలు ఏరి మళ్లీ మోపు కట్టినాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. నన్నే చూస్తా అడిగింది.

"ఆయప్పకు కండ్లు కనపడవా మ్మా?"

"ఎదురెండ మ్మా. కండ్లలో కొట్టింది," అన్నాను.

"ఎండ నా ఈపు మీద ఉండాది గదా," అంది ఆమె.

ఆమె పోయేదీ మేము పోయేదీ ఒకటే దిక్కు. ఎండ మా వెనకాల ఉంది. నేను మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టినాను.

మళ్లీ లారీ ఎక్కినాను. మామ ఏమైందని అడిగినాడు, ఆమె బాగుందని చెప్పినాను. కొంచెం దూరం పోయేసరికి ముందర గడ్డి వేసుకున్న ఎద్దులబండి తగిలింది. మామ దాని వెనకాల వేగం తగ్గించి ఎప్పట్లాగే నా మాట కోసం చూసినాడు. ఎదురుగా చూపు ఆనినంత దూరం రోడ్డు ఖాళీ. నేను పో అనలేదు.

"ఎట్లుండాది మే?" అన్నాడు.

నేను పలకలేదు.

ఎద్దులు నడిచినట్టే నడిచినాం. మొదటి గేరులో లారీ మూలుగుతోంది. వెనకాల బస్సులు హారన్లు కొట్టి కొట్టి మమ్మల్ని దాటుకొని పోయినాయి, అందులో ఒక డ్రైవరు ఏదో తిట్టినాడు కూడా. మామ ఇంకొకసారి నావైపు తిరిగినాడు. అటు తర్వాత తిరగలేదు. తనంతట తాను పక్కకు తీసి దాటుంటే నేనేం చేసేదాన్నో తెలీదు. నా మాట లేకుండా తొమ్మిదేండ్లలో ఒక్కసారి దాటింది లేదు, ఆ పొద్దూ దాటలేదు. చంద్రగిరి వచ్చేసరికి రేడియేటరు కుతకుతా ఉడుకుతోంది.

కోటకు పోయే దోవ దగ్గర, లారీలకు నీళ్లు పట్టుకునేచోట ఆపినాడు. ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకునే నావైపు తిరిగినాడు.

"నోరు పడిపోయిందా మే?" అన్నాడు.

"నోరు బాగానే ఉండాది మామా."

దిగిపోయి బకెట్టుతో నీళ్లు తెచ్చినాడు. రేడియేటరు చల్లారినాక పోసి, మిగిలిన నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. కండ్లను మళ్లీ మళ్లీ కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకుంటా, అటు తిరిగే అడిగినాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"గానుగలాడేటప్పట్నుంచి."

"నాకు అంతకు ముందు నుంచే తెలుసు," అన్నాడు.

అక్కడినుంచి లారీని ఒక్క అడుగు కూడా కదిలించలేదు. చిత్తూరు పోయే బస్సు డ్రైవరుతో మొదలాళికి కబురు పంపించినాడు. వేరే డ్రైవరు వచ్చేదాకా మేమిద్దరం లారీ మెట్టు మీద కూర్చున్నాం. తెచ్చుకున్న సద్ది మూట విప్పినాను. మామ తినలేదు, నేనూ తినలేదు.

తిరుపతిలో కండ్లకు ఆపరేషను చేసినారు. సీసా అడుగంత మందం అద్దాలిచ్చినారు. వాటిలో నుంచి ముందర కనపడేది గానీ పక్కల కనపడేది కాదు. మొదలాళి మంచిగానే చూసుకున్నాడు, కలప డిపోలో కాపలా పని ఇచ్చినాడు. లారీని వేరేవాళ్లు కొన్నాళ్లు తోలినారు, సామాన్లు దొరక్క డిపో మూలనే నిలబెట్టేసినారు, తర్వాత ఇనుము కింద పగలగొట్టినారు. పగలగొట్టే రోజు మామ పనికి పోలేదు.

నేను సేద్యం పనులకు పోయినాను. యాభై దాటినాక, మా వీధిలో టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్తానంటే పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఇన్నేండ్లలో ఆ పొద్దు సంగతి మామ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన చేతిలో స్టీరింగు నేను లాగేసినానని ఆయన మనసులో ఉందో లేదో నాకు తెలీకుండానే ముసలిదాన్నయిపోయినాను.

పోయిన ఏడాది మా అల్లుడు ఒక సంగతి చెప్పినాడు. ఆయన రేణిగుంటలో గోడౌన్ల దగ్గర పని చేస్తాడు. అక్కడ పాత బండ్లు సేకరించే ఒకాయన షెడ్డులో అట్లాంటి లారీయే ఉందంట. యాడనో దుమ్ములో దొరికితే తెచ్చి బాగు చేయిస్తున్నాడు. కానీ దానికున్న గేరు కడ్డీల్లో ఏది దేనికో చెప్పే మనిషి దొరకడం లేదంట. మామను తీసుకొని పోయినాం.

అది మా లారీ కాదు. కానీ అదే ముక్కు, అదే డ్రమ్ము. ఇద్దరు పట్టుకుంటే మామ ఎడమపక్క సీటెక్కినాడు. కండ్లు మూసుకొని ఒక్కొక్క కడ్డీ మీద చెయ్యి పెట్టి చెప్పినాడు. ఇది ముందు చక్రాలకు, ఇది ఎత్తు ఎక్కడానికి, ఇది డ్రమ్ముకు. ఆ సేకరించే ఆయన చీటీలు రాసి కడ్డీలకు అంటించినాడు. డ్రమ్ము చీటీ, ముందు చక్రాల చీటీ తారుమారు చేసినాడు. నేను చదివి చెప్పి మార్పించినాను. ఈ లారీకి ఊడిపోయిన ఇత్తడి పలకలో అదంతా రాసుండేదంట. మా లారీలో తొమ్మిదేండ్లు ఎదురుగా చూసిన పలకే అది. అది ఇంగ్లీషు, నాకు ఇప్పటికీ రాదు.

వాళ్లు లారీ వెనకపక్కకు పోయినాక నేను కుడిపక్క ఎక్కి కూర్చున్నాను. మామ స్టీరింగును బట్టతో తుడుస్తున్నాడు. ఎట్లనో నోరు తెరిచి అడిగేసినాను.

"ఆ పొద్దు నామీద కోపమొచ్చిందా మామా?"

ఏ పొద్దని ఆయన అడగలేదు.

"వచ్చింది. చంద్రగిరి దాకా ఉండింది," అన్నాడు.

తుడిచిన బట్టను మడిచి తొడమీద పెట్టుకున్నాడు. ఎడమచేయి స్టీరింగు మీద, కుడిచేయి గేరు మీద పెట్టి, తిన్నగా ముందుకు చూస్తా, "ఎట్లుండాది? పోవచ్చునా?" అన్నాడు.

ఆ లారీకి ఇంకా ఇంజను బిగించలేదు. అయినా అడిగినప్పుడు చూసి చెప్పాల గదా. కిటికీలో నుంచి తల బయట పెట్టి చూసినాను. షెడ్డు ముందర అంతా ఖాళీ. ముందు చక్రం నీడలో మాత్రం ఒక కుక్క కాళ్లు చాపుకొని నిద్రపోతోంది.

"ఉండు. కుక్క పడుకోనుండాది," అన్నాను.

మామ గేరు మీద నుంచి చెయ్యి తీసేసి, వెనక్కి ఆనుకున్నాడు. అది లేచేదాకా ఇద్దరం అట్లే కూర్చున్నాం.