రొయ్యల గుంట కట్ట మీద రివర్స్ గేరు: కారుకు జీపీఎస్ కొనేముందు ఒక ప్రయాణం

నెల కిందట కృష్ణపట్నం వైపు వెళ్లి తిరిగి వస్తూ దారి తప్పాను. పాత రోడ్డు ఉండాల్సిన చోట ఏదో కంపెనీ గేటు, దాని పక్కన కొత్త రోడ్డు, ఆ రోడ్డు నిండా బొగ్గు లారీలు. ఫోనులో పటం తెరిస్తే సిగ్నల్ ఒకసారి ఉంది, ఒకసారి లేదు. ఎవరో ఫోను చేయగానే ఆ కాస్త పటమూ మాయమైంది. ఆరింటికి ఇల్లు చేరాల్సినదాన్ని ఎనిమిది దాటాక చేరాను. మా అమ్మాయి ప్రశాంతి వీధి గేటు దగ్గరే నిలబడి ఉంది. తిట్టలేదు. చెయ్యి చాచి, "తాళం ఇటియ్యమ్మా," అంది.

నేను ఇవ్వలేదు. నాకు అరవై తొమ్మిదేళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. లైసెన్సు చెల్లుబాటులో ఉంది, కళ్ల పరీక్ష ఏటా చేయించుకుంటాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ముత్తుకూరు అవతల ఒక చిన్న చర్చిలో ఆరాధనకు హార్మోనియం వాయిస్తాను. ఆ పెట్టెను ఎత్తుకుని బస్సెక్కి దిగే వయసు కాదు నాది. తాళం ఇచ్చిన రోజు నుంచి నా ప్రతి ప్రయాణమూ ఇంకొకరి వీలు మీద ఆధారపడుతుంది. ఈ మాట అమ్మాయికి చెబితే, తన భయం తను చెప్పింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం.

"దారి చూపే మంచి మిషను ఒకటి తీసుకో. నువ్వెప్పుడూ పోని ఊరికి నన్ను తీసకపో. దారిలో ఎవురినీ అడగగూడదు, ఫోను ముట్టుకోగూడదు. మధ్యాన్నం లోపల చేరితే తాళం నీదే. లేకుంటే నాకిచ్చెయ్యాల," అంది.

పక్కనే ఉన్న నా మనవరాలు నవ్వింది. "అమ్మమ్మా, ఊరంతటికీ పరీక్షలు పెట్టినావు గదా, ఇప్పుడు నువ్వు రాయి!"

మరునాడే నెల్లూరులో కారు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. నాలాగా కొనాలనుకునేవారి కోసం అక్కడ చూసినవి వివరంగా చెబుతాను. మొదటిది, కారు ముందు పలకలో పాత రేడియో తీసేసి అమర్చే పెద్ద తెర. ఎనిమిది వేల ఐదు వందలు, బిగించడానికి మరో ఏడు వందలు. పటం కావాలంటే దీనికి ఫోను నుంచి ఇంటర్నెట్ ఇవ్వాలి. రెండోది, ఫోనును నిలబెట్టే పిడి. మూడు వందల యాభై. పటాన్ని ముందే ఫోనులో దించుకుంటే సిగ్నల్ లేకున్నా పని చేస్తుంది కానీ, నా ఫోను తెర చిన్నది, ఎండలో వేడెక్కి ఆగిపోతుంది. మూడోది, అద్దానికి అతికించుకునే విడి జీపీఎస్ పరికరం. పటమంతా దానిలోపలే ఉంటుంది, ఉపగ్రహాల సంకేతం నేరుగా అందుకుంటుంది, ఫోనుతోగానీ ఇంటర్నెట్‌తోగానీ పని లేదు. అరచేతి కంటే కాస్త పెద్ద తెర. ధర ఐదున్నర వేలన్నాడు దుకాణదారు.

"ఇవి ఇప్పుడెవురు కొంటా ఉండారు మేడం? పాత సరుకు. పెద్ద తెర తీసుకోండి, ఇంకో పన్నెండు వందలేస్తే వెనక కెమెరా కూడా వస్తాది. రివర్స్ కొట్టేదానికి సులువు."

"పాత సరుకైతే పాత సరుకు ధరే చెప్పబ్బయ్యా. రివర్స్ కొట్టేదానికి నాకు మెడ ఉంది," అన్నాను.

నాలుగు వేల ఎనిమిది వందలకు దిగాడు. పెట్టె చిరగకపోతే వారంలో వెనక్కి తీసుకుంటానని రసీదు వెనక రాయించుకున్నాను. ఊరు కూడా అక్కడే నిర్ణయించుకున్నాను. నా పూర్వ విద్యార్థిని పార్వతి మైపాడుకు దక్షిణాన సముద్రం పక్క ఒక జాలరుల పాళెంలో ఉంటుంది. భర్తకు పడవ ఉంది. ఎన్నేళ్లుగానో భోజనానికి రమ్మంటోంది. నేను మైపాడు చాలాసార్లు చూశాను గానీ ఆ పాళేనికి ఎప్పుడూ వెళ్లలేదు.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు నెల్లూరు దర్గామిట్టలోని మా ఇంటి నుంచి బయలుదేరాం. ప్రశాంతి ముందు కూర్చోకుండా వెనక సీట్లో, సరిగ్గా మధ్యలో కూర్చుంది, పరీక్ష గదిలో ఇన్విజిలేటరులా. "నేను ప్యాసింజర్‌ని. నోరు తెరవను," అంది. ఊరు దాటేలోపే రెండుసార్లు తెరిచింది. ఇందుకూరుపేట దాకా రోడ్డు బాగుంది. ఆర్టీసీ బస్సులు, షేరు ఆటోలు ఇదే దారిలో తిరుగుతాయి గనుక కారు లేనివారికీ ఇబ్బంది లేదు. పరికరంలోని ఆడ గొంతు ఇంగ్లీషులో ముందుగానే మలుపు చెబుతోంది, మలుపు దగ్గర మళ్లీ చెబుతోంది. చేరే సమయం పదకొండుకు ఐదు నిమిషాల ముందని చూపింది. నాలో నేను సంతోషించాను.

మైపాడు ఇంకా కొంత దూరం ఉందనగా అది కుడికి తిరగమంది. అక్కడ మట్టి దారి ఉంది, టైర్ల జాడలు ఉన్నాయి. నేను వేగం తగ్గించి చూశాను. అద్దంలో ప్రశాంతి నన్నే చూస్తోంది. దిగి ఎవరినైనా అడిగితే పరీక్ష పోయినట్టే. కుడికే తిరిగాను.

ఒక కొబ్బరి తోట దాటాం, ఒక మేత గోడౌను దాటాం. గోడౌను ముందు లారీ తిరిగేంత ఖాళీ స్థలం ఉంది. దాని తరువాత దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు మొదలయ్యాయి. దారి సన్నబడింది. అప్పుడు నాకు తెలిసింది, మేము దారి మీద లేము, రెండు గుంటల మధ్య కట్ట మీద ఉన్నాము. కుడి వైపు గుంట నిండా నీళ్లు, రొయ్యలకు గాలి అందించే చక్రాలు గిరగిరా తిరుగుతూ నీటిని చిలుకుతున్నాయి. ఎడమ వైపు గుంట ఆ ఉదయమే ఖాళీ చేసినట్టుంది, అడుగున నల్లటి బురద మెరుస్తోంది. టైరుకూ కట్ట అంచుకూ మధ్య జానెడు ఉందేమో. పరికరం మాత్రం నేరుగా వెళ్లమంటోంది.

"అమ్మా, ఇది రోడ్డేనా?"

"కాదు."

"మరి పోతా ఉండావే!"

ఎదురుగా ఒక చిన్న ట్రక్కు వచ్చి ఆగింది. వెనక నిండా నీలం ప్లాస్టిక్ ట్రేలు, వాటి కింద నుంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏందమ్మా ఇది, కట్ట మీదికి కారు తెస్తే ఎట్టా? ముందర దారి ల్యా. మోటారు షెడ్డు కాడ అయిపోతాది."

"నువ్వు వెనక్కి తీయగలవా?"

"లోడు బండి, యాడ తీసేది? ఐసు కరగతా ఉండాది. మీరే తియ్యాల." దిగి వచ్చి మా కారు చుట్టూ చూశాడు. నా తల చూశాడు, తెల్ల జుట్టు చూశాడు. "తాళం ఇట్టియ్యండి పెద్దమ్మా. నిమిషంలో తీసి పెడతా," అని చెయ్యి చాచాడు.

వెనక నుంచి ప్రశాంతి గొంతు వణికింది. "ఇచ్చెయ్యమ్మా. నీకు దణ్ణం పెడతా, ఇచ్చెయ్యి."

ఇచ్చి ఉంటే అతను బాగానే తీసేవాడేమో. కానీ ఇప్పుడు ఇస్తే సాయంత్రం ఇంటి దగ్గర మళ్లీ అడిగి తీసుకునే ముఖం నాకు ఉండదు. ప్రాణం మీదికి తెచ్చే పట్టుదలా ఇది అని నన్ను నేను ఒకసారి అడిగాను. గోడౌను దాకా దారి దాదాపు తిన్నగా ఉంది. కట్ట గట్టిగా ఉంది, లారీలకు కాకున్నా ఈ ట్రక్కు బరువుకు ఆగింది. నాకు బ్రేకు మీద కాలు ఉంది. తీయగలను అనిపించింది.

"నువ్వు నీ బండిలో కూర్చో నాయనా. నేను తీస్తాను. ప్రశాంతీ, నువ్వు దిగు. వెనక్కి పోయి, రెండు టైర్లూ కనిపించే చోట నిలబడు. నేను చెప్పమన్నది మాత్రమే చెప్పు."

"నువ్వొక్కదానివే లోపలా?"

"ఇద్దరం ఎందుకు లోపల?"

అది దిగడానికి కూడా చోటు చాల్లేదు, తలుపు సగమే తెరిచి కట్ట అంచు మీద చీర కుచ్చిళ్లు పట్టుకుని నడిచింది. నేను పరికరం గొంతు ఆపేశాను. పన్నెండు వందల కెమెరా ఒక్కసారి కళ్ల ముందు కనిపించింది. రివర్స్ గేరు వేసి, కుడి చెయ్యి స్టీరింగు మీద, ఎడమ చెయ్యి పక్క సీటు వీపు మీద పెట్టి, మెడ తిప్పాను. మా ఆయన రైల్వేలో పని చేసిన రోజుల్లో బిట్రగుంట కాలనీలో, రెండు వరసల క్వార్టర్ల మధ్య సందులో నాకు కారు నేర్పింది ఇలాగే. అద్దాల్ని నమ్మకు, మెడ తిప్పు అనేవాడు. అక్కడ పక్కన గోడలు ఉండేవి. ఇక్కడ నీళ్లు.

"రా... రా... రా..." ప్రశాంతి వెనక్కి నడుస్తూ చేతులు ఊపుతోంది. "కుడి! కుడికి!"

"నీ కుడా, నా కుడా?"

"నీళ్ల పక్కకి వస్తా ఉండావమ్మా! ఆగు!"

ఆగాను. కుడి వెనక టైరు కింద మట్టిపెళ్లలు జారి నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది. అప్పటిదాకా హారను కొడుతున్న ట్రక్కు డ్రైవరు కూడా దాని మీద నుంచి చెయ్యి తీసేశాడు.  నా నడుము అంతా చెమట. అంగుళం ముందుకు వేసి, స్టీరింగు సరిచేసి, మళ్లీ వెనక్కి. ఇక నుంచి ఎడమ, కుడి అనకుండా, ఏ పక్కకు వస్తే ఆ పక్క పేరు, నీళ్లు లేదా బురద అని చెప్పమన్నాను. "నీళ్లు కొంచెం... బురద కొంచెం... రా... సరిగ్గా వస్తా ఉండావు... రా..." దాని గొంతులో వణుకు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. గోడౌను ముందు ఖాళీ స్థలంలోకి కారు తిరిగేసరికి పదకొండు దాటింది. ట్రక్కు మా పక్క నుంచి పోతూ నెమ్మదించింది.

"పెద్దమ్మా, మా ఓనరు కాడ డ్రైవరు పోస్టు ఖాళీగా ఉండాది, చేరతావా?" అని అరిచి వెళ్లిపోయాడు.

ప్రశాంతి కారెక్కి, పరికరం వైపు వేలు చూపి తిట్టింది. "ఈ పాడు డబ్బాని సోమవారమే ఆ అంగడోడి మొహాన కొట్టు. మనుషుల్ని ముంచేదానికి పెట్టినారు!"

నేను అప్పటికే దానిలో అమరికలు తెరిచి చూస్తున్నాను. దారి ఎంపిక దగ్గర రెండు ఉన్నాయి: త్వరగా చేరే దారి, దూరం తక్కువ దారి. కొన్నప్పుడు మొదటిదే ఉంది. శుక్రవారం సాయంత్రం, పెట్రోలు మిగులుతుందని, రెండోదానికి మార్చింది నేను. కొన్ని కిలోమీటర్లు మిగల్చమని నేను అడిగాను, అది మిగిల్చింది. డబ్బాను తిట్టనిచ్చి ఊరుకుంటే నా తాళానికి ఏ ప్రమాదమూ లేదు. తిరిగి మైపాడు రోడ్డెక్కే దాకా ఊరుకున్నాను కూడా. ఆ తరువాత రోడ్డు పక్కన కారు ఆపాను.

"తప్పు దానిది కాదు, ప్రశాంతీ. నాది," అని మొత్తం చెప్పాను.

ప్రశాంతి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.  తిట్టి ఉంటే బాగుండేది.

అమరిక మార్చగానే పరికరం నేరుగా మైపాడు వెళ్లి, అక్కడ కుడికి తారు రోడ్డు పట్టమంది. పావు తక్కువ పన్నెండుకు పార్వతి ఇంటి ముందు ఆగాం. ఎవరినీ దారి అడగలేదు. పార్వతి ఎండ్రకాయల పులుసు, అంటే పీతల పులుసు, పెట్టింది, చింతపండు తక్కువ, మిరియం ఎక్కువ. ఎండ్రకాయల్ని ముందు రోజు కొనకూడదనీ, ఆ పూట వలలో పడినవే వండాలనీ చెప్పింది. జరిగింది విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"టీచరమ్మని పరీక్ష చేసినావా అక్కా! ఎన్ని మార్కులేసినావు?"

"ఇంకా పేపరు దిద్దతా ఉండా," అంది ప్రశాంతి, ఎండ్రకాయ కాలు కొరుకుతూ, నా వైపు చూడకుండా.

 మూడున్నరకు బయలుదేరేటప్పుడు తాళం బల్ల మీద, నా కళ్లజోడు పక్కన ఉంది. ప్రశాంతి దాన్ని తీసుకుంది. వాకిట్లోకి వెళ్లి కారు తెరిచింది. నేను వెనక సీటు తలుపు దగ్గరికి నడిచాను.

"యాడికి? నీ సీటు ఆ పక్క గదా," అని తాళం నా చేతిలో పెట్టి, తను ఎడమ పక్క ముందు సీట్లో కూర్చుంది.  ఇందుకూరుపేట దాటాక, "అంగట్లో ఏదో వెనక కెమెరా అన్నావే, అదెంతన్నాడు?" అని అడిగింది.

"పన్నెండు వందలు. నువ్వు దానికంటే బాగా చెప్పావు. ఎందుకు దండగ?"

"నేను రాని రోజు ఎట్టమ్మా?" అంది.

సోమవారం కెమెరా పెట్టించాం. దానికో చిన్న తెర, బిగింపు కలిపి రెండు వేల రెండు వందలైంది. నాలుగు వేల ఎనిమిది వందల పరికరాన్ని వెనక్కి ఇవ్వలేదు. తీర ప్రాంతంలో సిగ్నల్ లేని చోట్ల తిరిగే మధ్యతరగతి వారికి, ఫోను మీద ఆధారపడని ఆ పరికరం సరిపోతుందనే నా అభిప్రాయం. అయితే అది మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. ఆ జవాబులో నీళ్లుంటాయో బురద ఉంటుందో దానికి తెలియదు. నేను ఏళ్ల తరబడి పిల్లలకు లెక్క చేసే ముందు ప్రశ్న రెండుసార్లు చదవమని చెప్పాను, ఆ శుక్రవారం నేను ఒక్కసారే చదివాను. నా అమ్మాయి నా మాటను కాక, నా మెడనూ నా కాలినీ చూసి తాళం ఇచ్చిందనుకుంటాను. తప్పు చెప్పినందుకు ఇచ్చిందేమో కూడా. అడగలేదు. కొనబోయేవారికి ఒకటే చెబుతాను. ఏ పరికరమైనా కొత్త ఇరుకు దారిలోకి తిరగమన్నప్పుడు, కారు తిప్పుకోగల చోటు ఆఖరిసారి ఎక్కడ కనిపించిందో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. ఆ చోటు గుర్తు లేకపోతే, అక్కడే ఆగండి.