మేం కష్టపడి దింపుకున్న వైరస్

ఆ రోజుల్లో, అంటే సముద్రం అడుగున కేబుల్ వేయకముందు, పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ పిలిస్తే వచ్చేది కాదు, వస్తే నిలిచేది కాదు (మబ్బు పడితే అసలు ముఖమే చూపేది కాదు). ఏదైనా వెతికితే ఫలితాలు పైనుంచి ఒక్కో వరుసే దిగేవి. రెండో వరుస దాకా ఆగే ఆశపోతులు మాలో లేరు, మొదటిది కనబడగానే నొక్కేవాళ్లం. అది డబ్బిచ్చి అక్కడ కూర్చున్న ప్రకటన అనీ, ఆ డబ్బు దొంగలు కూడా ఇవ్వగలరనీ మాకెవరు చెప్పారు? పక్కనున్న 'యాడ్' అన్న చిన్న ముక్కను నేనైతే ఏదో బిరుదనుకున్నాను.

అప్పుడు నేను మిడిల్ పాయింట్‌లో మా మావయ్య ఫొటో స్టూడియోలో కంప్యూటర్ నిపుణురాలిని (కోర్సు సగంలో మానేసిన సంగతి మావయ్య ఎవరికీ చెప్పలేదు). షాదీపూర్‌లో చేపలమ్మే అత్త ఒకావిడ కూతురి పెళ్లి ఫొటోలన్నీ మా కంప్యూటర్లోనే ఉన్నాయి. కెమెరా కార్డు చెరిపేసి ఇంకో పెళ్లికి పంపేశాం కనక మరెక్కడా లేవు. మర్నాడు పొద్దున్నే వియ్యాలవారు ఆల్బం పట్టుకుని డిగ్లీపూర్ బస్సెక్కాలి. సరిగ్గా అప్పుడే ప్రింటర్ మొరాయించింది. "దీనికి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కావాలి" అని గంభీరంగా ప్రకటించి వెతికాను. మొదటి వరుసలోనే దొరికింది, ఉచితం కూడానూ!

ఇక మా సేవలు చూడాలి. ఆ ఫైల్ చుక్కచుక్కగా దిగుతుంటే మావయ్య గుమ్మంలో నిలబడి కాసేపు నెట్ వాడొద్దని పక్క రీచార్జి షాపతన్ని బతిమాలాడు. "భయ్యా, థోడీ దేర్ నెట్ మత్ చలావ్, మాది దిగుతోంది!" కరెంటు పోతే జనరేటర్ అద్దెకు తెచ్చాడు. అత్త తెరకు దండం పెట్టుకుంటూ కూర్చుంది.

"ఏటమ్మా, నా పిల్ల పెళ్లి ఫొటోలకేటీ అవదు గదా?"

"నేనున్నానుగా అత్తా!" అన్నాను. యాంటీవైరస్ అడ్డుపడింది. దాన్ని ఆపేయమని ఆ సైట్లోనే రాసుంది, బుద్ధిగా ఆపేశాను.

సాయంత్రం ఫైల్ తెరిచాను. తెరంతా ఎర్రబడింది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఫైళ్లన్నీ పోతాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి! అత్త దండాలు తెర మీంచి నా వైపు తిరిగాయి. మావయ్య ఫోన్ చేశాడు. అటువైపు ఎంతో దయగల గొంతు. మా కంప్యూటర్ తన చేతికి వచ్చేలా ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ దింపుకోమంది. భక్తితో మొదలుపెట్టాం. లైన్ కట్టయినప్పుడల్లా మావయ్యే తిరిగి చేశాడు.

"హో గయా?" దిగిందా అని అటువైపాయన.

"నహీ సర్, బారిష్ హో రహా హై" అని మావయ్య, బయటి వానకేసి చూస్తూ.

"అబ్?"

"అబ్ నెట్ గయా, సర్. ఆప్ లైన్ పే రహియే."

చివరికి అటువైపాయన "ఆప్ లోగ్ హై కహాఁ?" అని మా ఊరడిగాడు.

"పోర్ట్ బ్లెయిర్, సర్."

అటువైపు పెద్ద నిట్టూర్పు. "రహనే దీజియే", ఇక వదిలేయండి అని పెట్టేశాడు. మావయ్య మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఏం చేయాలో తోచక ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాం. ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయి! ఎర్ర తెర ఉత్త బెదిరింపేనట. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే స్టూడియోకి పరిగెత్తాం. అత్త కళ్లు తుడుచుకుంటూ, "ఆ బాబెవరో గానీ మంచోడే, పైసా అడగనేదు" అంది.

ఇప్పుడు ఫలితాలన్నీ రెప్పపాటులో వస్తున్నాయి, దొంగలూ అంతే వేగంగా వస్తున్నారు. నేను ప్రకటనలు దాటేసి కిందికి పోయేంత తెలివైనదాన్నయ్యాను. అయినా ఒక్కోసారి ఆయన గుర్తొస్తాడు. మెయిన్‌లాండ్‌లో మా నెట్ కష్టాలు విని మనస్ఫూర్తిగా నిట్టూర్చినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే.