పంచదార గాజు

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో సెమినార్‌కి నన్ను పిలిచిన రెండుసార్లూ జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. "ఈసారీ మాట్లాడకపోతే సున్నా వేస్తానమ్మా," అన్నారు కెమిస్ట్రీ మాస్టారు. అంశం కూడా ఆయనే ఇచ్చారు: గడ్డకట్టాల్సినంత చల్లబడ్డా గడ్డకట్టని ద్రవాల్లో అణువుల కదలిక.

లైబ్రరీలో చదివింది డైరీలో నా మాటల్లో రాసుకున్నాను. ద్రవాన్ని త్వరగా చల్లబరిస్తే అణువులకు స్ఫటికంగా వరసకట్టే వ్యవధి దొరకదు. ఇంకా చల్లబడేకొద్దీ ఒకదానికొకటి అడ్డుపడతాయి. చివరికి ప్రతిదీ ఉన్నచోటే వణుకుతుంది తప్ప చోటు మారలేదు. పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల మాత్రం ద్రవంలో ఉండే గజిబిజే. అదే గాజు.

నోరు పెగలకపోయినా చూపించడానికి ఒక వస్తువుంటే ఆసరా అనిపించింది. ముందురోజు సాయంత్రం పంచదార ముదురుపాకం పట్టి, స్ఫటికాలు కట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, నెయ్యి రాసిన పళ్లెంలో పోశాను. చల్లారాక కిటికీ అద్దంలా మెరిసింది. గోటితో కొడితే టంగుమంది.

పొద్దున చూస్తే వేలికి అంటుకుంది. పళ్లెం వంచితే మెల్లగా జారుతోంది.

"అమ్మా, దీన్నేం చేశావ్?"

"నేనేం చేశానే! చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టి, పైన పెద్ద గిన్నె బోర్లించా."

"గిన్నె కింద తేమంతా ఇదే పీల్చేసిందమ్మా. ఇప్పుడు నేనేం చెప్పను?"

"మాట ప్రభువిస్తాడు గానీ, ముందు రెండిడ్లీలు తిను."

మళ్లీ పాకం పట్టే టైము లేదు. ఆటోనగర్ వెళ్లేవాళ్లతో కిక్కిరిసిన బస్సులో పళ్లెం గుండెకు ఆనించుకుని నిలబడ్డాను.

క్లాసులో పళ్లెం మీద కప్పిన కాగితం విప్పగానే వెనక బెంచీ నుంచి ఒకతను, "జామ్ తెచ్చారేంటండీ? బ్రెడ్డేదీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను గుమ్మం వైపు చూశాను. మాస్టారు రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశారు.

"నిన్న ఇది గాజండీ," అన్నాను పళ్లెం వైపే చూస్తూ. "కిక్కిరిసిన బస్సులో ఊగుతాం గానీ చోటు మారలేం కదండీ, అణువులూ అలాగే ఇరుక్కున్నాయి. మా అమ్మ చీమలకని నీళ్లలో పెట్టింది. నీటి అణువులు చిన్నవి. మధ్యలో దూరి ఆ బిగువు సడలించాయి. అందుకే మళ్లీ జారుతోంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయితే నిన్న కదలిక పూర్తిగా ఆగిపోయిందంటావా?" మాస్టారు అడిగారు.

"ఆగలేదండీ. మనం కనిపెట్టుకు కూర్చోలేనంత నెమ్మదించింది."

ఆయన తలూపి, రిజిస్టరులో రెండంకెలు వేశారు. ఎంతో నాకు కనపడలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.