నాలుగో కవరు

మా డాక్టర్ సారు గుండెపోటుతో పోయారని కాంపౌండర్ ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాల బస్టాండులో ఉన్నాను. కోరుట్ల బస్సు ఎక్కి దారి పొడుగునా ఏడ్చాను. ఆ ఏడుపు నిజం. ఇప్పుడు ఇది రాస్తున్న కోపమూ నిజం. ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచడం నాకు చేతకాదు.

సారు సిరిసిల్ల మనిషి. మరమగ్గాల చప్పుడులో పెరిగారు కాబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడేవారు. రోగి లోపలికి రాగానే "ఏ బస్సుకు అచ్చినవ్, ఏమన్న తిన్నవా?" అని అడిగాకే నాడి పట్టేవారు. కోరుట్ల ఆసుపత్రిలో, కొత్త వైద్యం పనిచేస్తుందో లేదో తేల్చే ట్రయల్స్ మొదలుపెట్టినప్పుడు, నర్సింగ్ చదివి ఖాళీగా కూర్చున్న నన్ను పిలిచి పని నేర్పారు.

రెండు ట్రయల్స్ నడిచేవి. ఒకటి మాత్రలది. మందున్న సీసా, మందులేని సీసా చూడటానికి ఒక్కటే, మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఏది ఎవరికి పోయిందో రోగికీ నాకూ సారుకీ తెలియదు. ఆ గుట్టు హైదరాబాదులో ఒకరి దగ్గర ఉండేది. రెండోది షుగరు వాళ్ల కాలిపుండ్లది. సగం మందికి కొత్త రకం కట్టు, సగం మందికి మామూలు కట్టు. కట్టు కళ్లకు కనిపించేదే కాబట్టి వేశాక దాచేదేమీ లేదు. కానీ ఎవరికి ఏదన్నది, రోగి పేరు రాసుకున్నాక, వరుసలో ఉన్న కవరు చించి చూస్తేనే తెలియాలి.

ఎందుకు సారూ ఇంత కట్టుదిట్టం అని అడిగితే అన్నారు: "మనకు ముందే ఎరుకైతే మన చెయ్యి ఊకోదు బిడ్డా. జాలిపడ్డోళ్లకు కొత్తది ఇస్తం, మిగిలినోళ్లకు పాతది. ఇగ పుండు దేనితోని మానిందో ఎట్ల చెప్తం?"

మాది కల్లు గీసే ఇల్లు. మా మేనమామలు తాటిచెట్లు పంచుకునేటప్పుడు చిట్టీలు వేసి కళ్లు మూసుకుని తీసేవారు. దూరపు చెట్లు వచ్చినా ఎవరూ గొణిగేవారు కాదు. ఆ సంగతి చెబితే సారు మురిసిపోయారు. "గిదే చెప్పు అందరికి. ఇంత సక్కగ నాకు గూడ చెప్పుడు రాదు" అన్నారు. రోగులందరికీ అదే చెప్పాను. మా అమ్మకూ అదే చెప్పాను.

కవర్లు పేర్చింది నేనే. ప్రతి నాలుగింట్లో రెండు కొత్త కట్టువి, రెండు మామూలువి, అంటించాక చూడకుండా కలిపేదాన్ని కాబట్టి వరుస నాకూ తెలియదు. ఒకసారి నాలుగు, ఒకసారి ఆరు పెడితే ఎవరూ ఊహించలేరని నేనన్నాను. సారు వద్దన్నారు. "నాలుగే పెట్టు బిడ్డా, నీకు పని అల్కగైతది." నా మీద దయ అనుకున్నాను. మూడు చించితే నాలుగోది ఏమిటో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అమ్మ రాయికల్‌లో బీడీలు చేస్తుంది. కాలిపుండుతో ఆసుపత్రికి ఒక్కతే వచ్చిన రోజు నేను లోపల కవర్ల దగ్గర ఉన్నాను. సారు ఎదురెళ్లి "నువ్వు మనింటి మనిషివి, ముందు నువ్ రా" అన్నారట. అమ్మ మొహం వెలిగిపోతూ వచ్చింది. ఆ నాలుగింట్లో చివరి కవరు చించాను. మామూలు కట్టు. కొన్ని నెలలకు రెండు వేళ్లు తీసేశారు. "నా చిట్టి గట్ల పడ్డది, ఎవలనేమంటం" అంది అమ్మ.

సారు దినాల రోజు, ఆ ట్రయల్‌లోనే ఉన్న మల్లాపూర్ ఆమె నా పక్కన కూర్చుని ఏడ్చింది. భర్త దుబాయిలో, ఇద్దరు చిన్నపిల్లలు, పొలం పనంతా ఆమె మీదే. "ఆ దినం ముందుగాల నేనే అచ్చిన అక్కా. సారు నన్ను పక్కకు పిలిచి, గిప్పుడున్న చిట్టి నీకు మంచిది గాదు, జర సేపు కూసో అన్నడు. ఎవలో రాయికల్ పెద్దామెను ముందుగాల తోలిండు. తర్వాత నాకు కొత్త కట్టు అచ్చింది. దేవుడక్కా సారు."

అమ్మ కంటే ముందు చించిన మూడింట్లో రెండు కొత్త కట్టువి, కాబట్టి నాలుగోది మామూలుదే అవ్వాలి. సారుకు తెలుసు. తెలిసే మా అమ్మను ఆ కవరు ముందుకు తోశారు. ఆమెకు పిల్లలున్నారు, అమ్మకు నేనున్నాను అనుకుని ఉంటారు. కొత్త కట్టయితే వేళ్లు దక్కేవని నేను చెప్పలేను. అది తేల్చాల్సిన ట్రయల్‌నే ఆయన పాడుచేశారు. అడిగి ఉంటే అమ్మ ఆ పిల్లల కోసం తానే పక్కకు జరిగేదేమో. అడగలేదు. అంతా చిట్టీయేనని నా నోటితోనే అమ్మకు చెప్పించారు. మాత్రల దగ్గర ఆయన అంత నిక్కచ్చిగా ఉన్నది, అక్కడ చూసే వీల్లేకనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. నాకు పని నేర్పి నాలుగు మెతుకులు పెట్టిన మనిషి గురించి ఇలా అనుకోవలసి వచ్చింది.

ఇంతలో భోజనాలకు పిలిచారు. అమ్మ కాలు ఈడ్చుకుంటూ వచ్చి వరుసలో నిలబడింది. మల్లాపూర్ ఆమె చూసి పక్కకు జరిగింది.

"కాలు నొస్తున్నట్టున్నది, నువ్ ముందు పో పెద్దమ్మా."

అమ్మ సంబరంగా నవ్వింది. "రాయికల్ నుంచి అచ్చిన నాడు సారు గూడ గిట్లనే నన్ను ముందు పోనిచ్చిండు బిడ్డా" అంటూ ముందుకు నడిచింది.

మల్లాపూర్ ఆమె అమ్మ కాలి వైపు చూసింది, తర్వాత నా వైపు. వరుస కదిలింది. ఆమె విస్తరి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.