టీచర్ ఇచ్చిన పుట్టినరోజు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత సైన్స్ పుస్తకం తెరిచాను. ఆ కాగితం వాసనకు మా నాంపల్లి బడి, సైన్స్ టీచర్ గుర్తొచ్చారు.

పుట్టినరోజు నాడు క్లాసంతా నిమ్మతొనల బిళ్లలు పంచేవాళ్లం, గుర్తుందా? నేనెప్పుడూ పంచలేదు. నేను పుట్టిన తేదీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. టీచర్ ఒకరోజు అమ్మను పిలిచి అడిగారు.

"అప్పుడు నాట్లు ఏస్తుండిరి మేడమ్. వాన దంచుతుండె. గంతే యాదికున్నది" అంది అమ్మ.

టీచర్ నావైపు తిరిగారు. "అయితే జూలై ఇరవై నీది. మనుషులు చంద్రుడి మీద దిగిన రోజు. ఏడేళ్లకు అదే తేదీన అంగారకుడి మీద నౌక దిగింది. గింత మంచి రోజు ఇంకేడ దొరుకుతది?"

ఆ జూలైలో నేనూ బిళ్లలు పంచాను. సాయంత్రం అమ్మ పక్కింటామెతో గర్వంగా అంటోంది: "మా బిడ్డ పుట్టిన తారీఖునాడే చంద్రుని మీదికి పోయిన్రంట!"