అత్తగారి చీలమండ

పెళ్లయిన ఏడేళ్లలో మా అత్తగారు నా ఎదుట కూర్చోవడం నేను చూడలేదు. నేను వరండాలో ఉంటే ఆవిడ తలుపు చాటునుంచే మాట్లాడేవారు.

ఆ వేసవిలో ఒక పొద్దున ఉద్దానంలోని వాళ్ల ఊరికి వెళ్లేసరికి ఆవిడ జీడితోటలో కూలబడి ఉన్నారు. రాలిన పళ్లు ఏరుతుంటే పాదం పందికొక్కు బొరియలో దిగబడి లోపలికి మెలిక పడిందట. చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు.

"ఏటీ నేదు బాబూ, బెణికింది. నూనె రాసి తోమితే తగ్గిపోద్ది" అన్నారు. లేవబోయి, ఆ కాలు మోపలేక కొమ్మ పట్టుకున్నారు. మామగారు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే. నా భార్య ఉద్యోగ శిక్షణకని విశాఖలో ఉంది, ఆదివారాలకే వచ్చేది. ఆటో పిలిచి నేనే పలాసలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరు చీలమండ వెనక అంచు మీద వేలితో నొక్కి, "ఇక్కడ నొప్పా?" అని అడిగారు.

"నేదండి."

కాస్త కిందికి నొక్కారు. "నేదండి." ఆవిడ నుదుటి నిండా చెమట. డాక్టరు ఆవిడను చూసి, నన్ను చూసి, "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు. నేను గుమ్మం దాటానో లేదో లోపలి నుంచి "ఓలమ్మో" అని గట్టిగా వినిపించింది.

ఎక్స్‌రేలు తీయించాక డాక్టరు నన్ను పిలిచారు. "బయటి ఎముక చివర సన్నగా పగిలింది. ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు కూడా కొంత చిరిగింది. కీలు పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు. తోమకుండా తీసుకొచ్చారు, మంచిపని చేశారు."

బెల్టులున్న పొడవాటి బూటు ఇచ్చారు. ఐసు పెట్టాలన్నారు, పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉంచాలన్నారు. బూటు కంటే ఆ చివరి మాటే ఆవిడకు భారమైంది.

"అల్లుడి ముందు కాళ్లెత్తి తొంగుంటానా?"

అటు నుంచి అటే పలాసలోని మా ఇంటికి తీసుకొచ్చాను. మంచం ఎటు తిప్పినా ఆవిడ పాదం నేను వచ్చే దారికేసే ఉండేది. నేను దగ్గితే చాలు, దిండు మీది కాలు కిందికి దిగేది. ఐసు మూట పట్టుకెళితే దుప్పటి లాక్కున్నారు.

"ముట్టుకోకండి బాబూ. అల్లుడి సేత కాళ్లు పట్టించుకుందని ఊరంతా నవ్వుద్ది."

"మనం చెప్పకపోతే ఊరికెలా తెలుస్తుంది అత్తయ్యా?"

ఆవిడ దుప్పటి వదిలారు. "మీ ఆవిడకీ సెప్పకండి మరి" అని, కాలు మెల్లగా ముందుకు జరిపారు.

వాపు తగ్గాక డాక్టరు కొత్త పని పెట్టారు. బూటు విప్పి, కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయాలి. ఆవిడకు అది తెగ నచ్చింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, "ఏటి రాత్తన్నానో సెప్పండి సూద్దాం" అనేవారు. 'బ' నాకు 'ఐ'లా కనిపిస్తే చిన్నపిల్లలా సంబరపడేవారు. ఆదివారం కూతురు వస్తే మాత్రం ఆ కాలు దుప్పటి కిందే ఉండేది.

ఒకరోజు భోజనం మధ్యలో కాలు చాపి రెండక్షరాలు రాశారు. మొదటిది 'ఉ'. రెండోదాన్ని నాలుగుసార్లు రాయించుకున్నాను.

"ఉప్పా? కావాలా అత్తయ్యా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మీ పప్పులో నేదు బాబూ. వచ్చినకాడి నుంచీ సెప్దామనుకుంతన్నాను."

నెల దాటాక తీసిన ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది. ఇక ఒంటికాలి మీద నిలబడడం సాధన చేయమన్నారు. ఆ ఆదివారం నా భార్య వచ్చేసరికి ఆవిడ వంటింటి గుమ్మం పట్టుకుని దెబ్బతగిలిన కాలి మీద నిలబడి, రెండో కాలు గాలిలో ఉంచి, నాకు చారు పెట్టడం నేర్పుతున్నారు. నా భార్య బ్యాగు దించకుండా అలాగే ఉండిపోయింది.

"అలా సూత్తావేటే," అన్నారు అత్తగారు, "మీ ఆయన పోపు మాడ్చేత్తన్నారు. ఇన్నేళ్లలో నువ్వేటి నేర్పినావు?"